రాయి అని చెప్పిన జబ్బు

ఐనవిల్లికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక తోటలో ఆ ఉదయం కొబ్బరి దింపు జరుగుతోంది. దింపిన కాయలను కాలువగట్టు మీద రాశి పోశారు. ఆరుగురు మనుషులు నేలలో పాతిన ఇనుప గునపాల మీద కాయలు వలుస్తున్నారు. తోట యజమాని బుల్లబ్బాయిగారు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గట్టు మీద వచ్చేపోయే ప్రతివాళ్లూ ఆయన్ని ఒకటే అడుగుతున్నారు, రాయి పడిపోయిందాండీ అని. ఇంకా లేదండి అని ఎనిమిది నెలలుగా చెబుతున్న జవాబే ఆయన చెబుతున్నారు.

ఆయన కిడ్నీలో రాయి లేదు. ఆయనకున్నది ప్రోస్టేట్ క్యాన్సర్. మూత్రాశయం కింద మగవాళ్లకు మాత్రమే ఉండే గ్రంథిలో పుట్టి, కనిపెట్టేనాటికే నడుము ఎముకల్లోకి పాకింది. పూర్తిగా పోదనీ, మందులతో అణచి ఉంచవచ్చనీ, అలా ఏళ్ల తరబడి తిరుగుతున్నవారు ఉన్నారనీ కాకినాడ డాక్టరు దాపరికం లేకుండా చెప్పారు. దాపరికం ఇంటికి వచ్చే దారిలో మొదలైంది. జబ్బు చేసిన చోటు అలాంటిది, పేరు బయటికి పొక్కకూడదన్నారు అన్నగారు మాణిక్యాలరావు. రాయి అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. బుల్లబ్బాయిగారు సరేనన్నారు. రాయిని కరిగిస్తుందని చెప్పుకునే అరటి కాండం లోపలి దూట రసం కూడా నలుగురూ చూసేలా తాగారు.

మూడు నెలలకోసారి వేసే ఇంజక్షన్ ఒంట్లోని మగ హార్మోనును ఆపేస్తుంది. ఉన్నట్టుండి ఆవిర్లు కమ్ముకొచ్చి చొక్కా తడిసిపోయేది. కారణం లేకుండా కళ్లనీళ్లు వచ్చేవి. పెసరట్టు మాడిందని ఒకరోజు ఏడ్చారు. భార్య సావిత్రిగారు పక్కన కూర్చుని విసురుతూ, "ఈ ఆవిర్లు నాకు నాలుగేళ్లు వచ్చేయండి. నేను ఫ్యాను వేస్తే మీరు చలేస్తోందని కట్టేసేవోరు" అంది. ఆయన ఏడుస్తూనే నవ్వారు. ఆవిడ ముందు అలా నవ్వగలిగిన మనిషి, గుమ్మం దాటేసరికి తప్పు చేసినవాడిలా తల దించుకునేవారు.

ఇంతవరకు ఇది ఒక ఇంటి సంగతి. దాచిన మాట ఆ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే, దీన్ని మీకు చెప్పవలసిన పని ఉండేది కాదు.

వలుపు మేస్త్రి దుర్గారావు ఆ ఉదయం నాలుగోసారి గునపం వదిలి చెట్ల చాటుకు వెళ్లాడు. చాలాసేపటికి తిరిగివచ్చి, నడుము పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఏమైందని బుల్లబ్బాయిగారు అడిగారు.

"మీ రాయే నాకూ పట్టిందండి. ఆయ్. నాలుగు నెలలైంది. మీరు తాగినట్టే అరటి దూట రసం తాగుతున్నానండి."

"డాక్టరుకి చూపించావా?"

"ఎందుకండీ? మీరు చూపించుకున్నారు కదా. మీకు చెప్పిందే నాకూ చెబుతారు."

బుల్లబ్బాయిగారికి ఆవిరి కమ్మినట్టయింది. ఈసారి అది మందువల్ల వచ్చింది కాదు. తాను కూడా ఇలాగే, వయసు మీదపడిందిలే అనుకుని ఏడాది గడిపారు. ఆ ఏడాదిలోనే జబ్బు ఎముక పట్టింది. దుర్గారావుకి అదేనో, వయసుతో వచ్చే మామూలు వాపో, నిజంగా రాయే ఉందో తెలియదు. కాని తన అబద్ధాన్ని నమ్మి అతను నాలుగు నెలలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. విప్పకపోతే ఇతను ఇంకో నాలుగు నెలలు ఆ రసమే తాగుతాడు.

ఆయన కుర్చీలోంచి లేచారు.

"నాది రాయి కాదు దుర్గారావూ. క్యాన్సరు. ప్రోస్టేట్ క్యాన్సరు. ఎముకల్లోకి పోయింది. సిగ్గుపడి మీ అందరికీ అబద్ధం చెప్పేను."

గునపాల దగ్గర చప్పుడు ఆగింది. ఆయన మాత్రం ఆగలేదు. ఇంజక్షన్ సంగతి, చెమటల సంగతి, ఏడుపు సంగతి, మొగుడూ పెళ్లాల మధ్య మునుపటిలా లేని సంగతి, అన్నీ చెప్పారు. అయితే ఇంక మగాడు కాదన్నమాట అని రాశి వెనకనుంచి శివశంకర్ అనే కుర్రకూలీ గొణిగాడు.

"గట్టిగా అను శివశంకరూ, అందరికీ వినబడాలి. ఏడుపొస్తే ఏడుస్తున్నాను. మర్నాడు లేచి తోటకొస్తున్నాను. ఇది నీ లెక్కలో మగతనం కాకపోతే, ఆ లెక్క నువ్వే ఉంచుకో."

శివశంకర్ వంగి రాశిలోంచి ఇంకో కాయ తీసుకున్నాడు.

మధ్యాహ్నానికే అన్నగారు వచ్చారు. ఇంటి పరువు గట్టుమీద ఆరబోశావని కేకలేశారు. బుల్లబ్బాయిగారు అన్నం కలుపుకుంటూనే జవాబిచ్చారు. "నేను దొంగతనం చెయ్యలేదన్నయ్యా. జబ్బు చేసింది." సావిత్రిగారు భర్తకు మారు వడ్డించి, బావగారికీ విస్తరి వెయ్యనాండీ అని అడిగింది.

మర్నాడు ఉదయం డాక్టరు దగ్గరికని అమలాపురంలో కాకినాడ బస్సెక్కి బుల్లబ్బాయిగారూ దుర్గారావూ పక్కపక్కన కూర్చున్నారు. యానాం వంతెన దాటాక దుర్గారావు అడిగాడు.

"నాదీ అదే అయితేనోనండీ?"

"అయితే వైద్యం చేయించుకుందాం. నాలా ముదరకముందే వచ్చేవేమో. కాకపోతే మరీ మంచిది."

"మరి ఊళ్లో ఏం చెప్పమంటారండీ?"

బుల్లబ్బాయిగారు అతని వైపు తిరిగారు. "ఏదొస్తే అది, పేరు పెట్టి చెప్పు. మనం సిగ్గుపడి జబ్బు పేరు దాస్తే, అదే జబ్బుతో ఉన్న ఇంకొకడికి ఆసుపత్రి దారి మూసినట్టే."