పటమందలి పండ్రెండవ స్టేషను

కార్తికమాసారంభమున వాన వెలిసిన ప్రాతఃకాలమునందు బాలభాను కిరణములు కొత్తగుంట జంక్షనులోని పాడువడిన ఇంజనుషెడ్డు రేకులపై బంగారు నీరు చల్లుచుండగా, తుప్పుపట్టిన పట్టాల నడుమ మొలచిన తుమ్మిమొక్కలు శ్వేతపుష్పములతో దలలూచుచుండగా, మూతపడి ముప్పదియేండ్లు గడచిన ఆ చిన్నలైను నాటికిని మరల బండి వచ్చునేమో యని యెదురుచూచుచున్నదానివలె గన్పట్టుచుండెను.

ఆ లైనుపై గ్యాంగుమేనుగా బనిచేసిన పెంచలయ్య కూతురును తన యింట మొట్టమొదట పట్టము పుచ్చుకొన్నదియు నగు వనజాక్షి మూడేండ్లు శ్రమించి దాని చరిత్రమును జిన్నపుస్తకముగా వ్రాసినది. ఆదివారమునాడు రైల్వే పింఛనుదారుల క్లబ్బులో దానిని విడుదల చేయవలసియుండెను. పుస్తకమునకు బ్రాణమువంటిది ఆ క్లబ్బు బీరువాలో దొరకిన పటము. అది పందొమ్మిదివందల పండ్రెండునాటి రైలు కంపెనీ పటమనియు, ప్రచురణమైన అఱువదియేండ్లకు హక్కు తీరిపోవును గావున అందఱి సొత్తనియు నామె చట్టపుస్తకము చదివి నిశ్చయించుకొనియుండెను.

కాని యానాటి యుదయమున ప్రెస్సులో ప్రూఫులను పాత టైంటేబులుతో సరిచూచుచుండగా నామెకు లెక్క కలియలేదు. టైంటేబులులో స్టేషనులు పదునొకండు, పటములో బండ్రెండు. పటమున చుక్క పెట్టి వ్రాసిన ఈదలపాలెమను స్టేషను పేరు మఱి యెచ్చటను లేదు. పటము దించినవాడు కుడివైపు క్రిందిమూల తన గుర్తును సంవత్సరమును వేయుట డ్రాఫ్ట్స్‌మన్ల యాచారము. భూతద్దము పెట్టి చూడగా నచ్చట ఆవగింజంత యక్షరములతో "శౌ. 1994" అని యుండెను. అది కంపెనీ కాగితము గాదు. ఎవరో చేతితో దించి తన కల్పనము జేర్చిన ప్రతి. చేర్చినదానిపై నతని హక్కు సజీవముగానే యున్నది.

ప్రెస్సు యజమాని గుర్రప్ప కండ్లజోడు పైకెత్తి పలికెను.

"ఒక్క చుక్కే గదమ్మా. చెరిపేస్తే పోలా? అప్పుడది కంపెనీ పటమే. కంపెనీయే పోయింది, ఎవురొచ్చి అడగతారు?"

"ఎవరూ అడగరనే గద సార్ నా బాధ. మా నాయన మోసిన పట్టాల మీద గూడా ఎవరూ ఆయన పేరు రాయలేదు."

గుర్రప్ప గడియారమువైపు జూచెను. "నాలుగింటిదాకా మిషను ఆపతా. ఆపైన పటం ఉన్నా లేకపోయినా అచ్చేస్తా."

క్లబ్బు కాపరి యా గుర్తు చూడగానే అది చర్చివీధి శౌరయ్యదని తెలిపెను. తొంబదియేండ్ల యా విశ్రాంత డ్రాఫ్ట్స్‌మను వసారాలో గూర్చుండి పెన్సిలు చెక్కుకొనుచుండెను. భార్య రాయమ్మ చేటలో బియ్యము చెఱుగుచుండెను. వనజాక్షి పటము విప్పినంతనే యతని మొగము వెలవెలబోయెను.

"ముప్పై ఏండ్లకు దొరికిపోయినా. ఆఫీసోళ్లు పంపించినారా పాపా?"

"ఏం చేసినావయ్యా?" అని రాయమ్మ చేట దించెను.

"లేని స్టేషను ఒకటి పెట్టినా. మీ ఊరిది."

రాయమ్మ పుట్టినూరు ఈదలపాలెమున బండి యాగెడిది కాదు. ఆమె పుట్టింటికి బోవునపుడెల్ల ఊరు దాటిన పిదప వచ్చు స్టేషనులో దిగి చంకలో బిడ్డతో మూడుమైళ్లు వెనుకకు నడచెడిది. అచ్చట హాల్టు వేయుడని శౌరయ్య ముమ్మారు అర్జీ పెట్టెను, ముమ్మారును ద్రోసివేయబడెను. పదవీవిరమణానంతరము క్లబ్బునకు గానుకగా పాతపటమును దించుచుండగా నచ్చటికి వచ్చుసరికి నతని కలము తనంతదానే యాగి చుక్క పెట్టెను. రైల్వే పటమున అబద్ధము వ్రాయుట నేరమని తలచి, మఱునాడే యిచ్చివేసి, నాటినుండి క్లబ్బు గడప త్రొక్కినవాడు కాడు.

"అందుకా పేకాటకు గూడా పోకుండా నా ప్రాణం తిన్నావు?" అని రాయమ్మ పలికెనేగాని యామె కన్నులు చెమ్మగిల్లియుండెను.

వనజాక్షి చేతులు జోడించెను. "తాతగారూ, పాత పటం అందరిదీ. ఈ చుక్క మాత్రం మీది. చెరిపేస్తే మిమ్మల్ని అడిగే పనే లేదు. నాకు చెరపాలని లేదు. మీరు సరేనంటే అచ్చేస్తాం."

శౌరయ్య యామెను జూచి, పటమును జూచి, పిదప పొట్ట పట్టుకొని నవ్వెను. "నేరమనుకొని దాచిపెట్టుకున్నది నా ఆస్తా? ఐతే ఇది లేని స్టేషనని కింద రాయి పాపా. ఎవురన్నా టికెట్టడిగితే మళ్లీ నేనే పట్టుబడతా."

అనుమతిపత్రము వ్రాయబూని యతడు స్కేలు తెచ్చి గీతలు గీసి ఒక్కొక్క యక్షరమును శిల్పివలె జెక్కసాగెను. గడియారము మూడున్నర దాటెను. వనజాక్షి చెప్పులు తొడిగి గడపలోనే నిలుచుండెను.

"ముగ్గురిని గన్నాను, ఇంతసేపు పట్టలేదు. కానీయయ్యా" అని రాయమ్మ యదలించెను.

నాలుగింటికి రెండు నిమిషములుండగా బత్రము ప్రెస్సునకు జేరెను. గుర్రప్ప దానిని జదివి, పటము క్రింద శౌరయ్య పేరు చేర్చి, మిషను మీట నొక్కెను.

ఆదివారమునాడు ముప్పదియేండ్ల పిదప శౌరయ్య క్లబ్బు గడప త్రొక్కెను. పటము క్రింద అతని పేరును, పండ్రెండవ స్టేషను అతని కల్పనమను వాక్యమును ముద్రింపబడియుండెను. ప్రక్కనే పట్టాలు మోసిన గ్యాంగుమేనుల పేర్లు వరుసగా నుండగా పెంచలయ్య తన పేరును వేలితో దడవి చూచుకొనుచుండెను.

"ఇక్కడికి బండి ఎన్నింటికి?" అని రాయమ్మ పండ్రెండవ చుక్కను జూపి మగని నడిగెను.

"నువ్వెప్పుడు బయలుదేరితే అప్పుడు."

ఆమె నవ్వి, జంక్షనునొద్ద వ్రేలు మోపి నల్లనిగీతవెంట మెల్లగా జరిపెను. ఇన్నేండ్లకు ఆ వ్రేలు మూడుమైళ్లు వెనుకకు నడువ నక్కఱలేక ఈదలపాలెముననే దిగెను.