రెండు జాబితాల్లో ఒక బిడ్డ

ఇరవై రెండేళ్లుగా ఖుర్సీపార్ తెలుగువాడలో సర్కారు లెక్కకి పుట్టుకలూ చావులూ రాస్తున్న రజనీకుమారికి, నీ రాతలో తప్పుందని ఎవరైనా అంటే ఒళ్లు మండుకొస్తుంది. అలాంటిది, రాయ్‌పూర్ నుంచి వచ్చిన పై అధికారి పార్థసారథి ఆ పొద్దున ఆవిడింట్లోనే కూర్చుని, ఆవిడ పెట్టిన టీ తాగుతూ మరీ తప్పుందన్నాడు.

ఆ లెక్క పద్ధతి ఇదీ. ఎవరు కడుపుతో ఉన్నారు, ఎవరు కన్నారు, ఎవరు పోయారు అని ఆవిడ ఏడాది పొడుగునా రాసుకుంటుంది. ఆరునెలలకోసారి పై అధికారి దిగి, ఆవిడ పుస్తకం తెరవకుండా, ఇంటింటికీ తిరిగి అవే సంగతులు మళ్లీ అడుగుతాడు. ఆనక రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. దేశమంతా ఇలాంటి వాడల లెక్కలు కూడితేనే, వెయ్యిమంది పుడితే నెల తిరక్కుండా ఎందరు పోతున్నారో, ఏటేటా ఆ చావులు తగ్గుతున్నాయో లేదో తెలిసేది.

భాగ్యరేఖ ఇంటి దగ్గర ఆ రెండూ కలవలేదు. రజనీకుమారి పుస్తకంలో మగబిడ్డ చనిపోయి పుట్టాడని ఉంది. పార్థసారథి కాగితంలో బతికి పుట్టాడు, ఆ రోజే పోయాడని ఉంది.

ఎలాగూ లేని బిడ్డే కదండీ, ఏది రాస్తే ఏముంది అనబోయి రజనీకుమారి నాలిక కరుచుకుంది. ఆవిడకి తెలీకనా? చనిపోయి పుట్టిన బిడ్డ ఆ లెక్కలోకే రాడు. అలా రాసుకుంటూ పోతే ఒక్క ప్రాణం నిలబెట్టకుండానే చావులు తగ్గిపోతాయి.

అసలు తప్పెక్కడ జరిగిందో కూడా ఆవిడకి తెలుసు. తను రాసుకోడానికి వెళ్లిన ఆవేళ ఆ ఇంట్లో మైల. గడప దాటితే తలకి పోసుకోవాలి, ఇంకా పన్నెండిళ్లు తిరగాలి. అందుకని గేటు దగ్గరే నిలబడి, భాగ్యరేఖ అత్తగారు నూకాలమ్మ ఏం చెబితే అది రాసేసుకుని చక్కా వచ్చేసింది. కన్నతల్లిని అడగనేలేదు. మనవాళ్లు శ్రీకాకుళం వదిలొచ్చి మూడు తరాలైంది, హిందీలో కొట్లాడుకోవడం కూడా నేర్చారు, మైల మాత్రం వదల్లేదు. తలుచుకుంటే సిగ్గేసింది ఆవిడకి.

ఇద్దరూ కలిసి వెళ్లేసరికి నూకాలమ్మ వాకిట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. సంగతి వినగానే కయ్యిమంది. చెప్పిందే ఎన్నిమార్లు చెప్పాలని, ఆరిన పుండు కెలకడానికొచ్చారా అని ఇద్దర్నీ కలిపి దులిపేసింది. ఆ మాటలకి భాగ్యరేఖ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మొన్న అత్తగారు బజారుకెళ్లినప్పుడు పార్థసారథికి చెప్పింది ఈ పిల్లే. ఆపరేషన్ బల్ల మీద సగం మత్తులో బిడ్డ ఏడుపు విందట. మెలకువ వచ్చాక అదేం లేదు, మత్తుమందు వల్ల అలా అనిపిస్తుందన్నారట అందరూ.

"ఆరునెలల్నుంచీ నాది భ్రమేనంటున్నారు దీదీ," అంది రజనీకుమారితో. "మీ పుస్తకంలో కూడా అదే రాశారా?"

గేటు దగ్గర నిలబడి రాశాను తల్లీ, తప్పు నాదేనని ఒప్పేసుకుంది రజనీకుమారి. అక్కడే, నూకాలమ్మ ఎదురుగా, చతికిలబడి కూర్చుంది.

"వదినా, ఒక్కసారి ఊపిరి తీసినా బతికి పుట్టినట్టే రాయాలి. ఏడిచాడా?"

నూకాలమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కోడలి వైపు చూళ్లేదు.

"ఏడిచాడు," అంది. "ఇది కళ్లారా సూసుకోని బిడ్డ. బతికాడని తెలిస్తే ఈ పిల్ల తట్టుకోలేదని, నేనే మా వోడికి చెప్పి నోరు కట్టేశాను. దీన్ని కాపాడుకుంటన్నాననుకున్నాను రజనీ."

లేచి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగున దాచిన ఆస్పత్రి కాగితం తెచ్చి ఇచ్చింది. పొద్దున్న ఆరూ నలభైకి పుట్టాడు, మధ్యాహ్నం పన్నెండుకి పోయాడు. పార్థసారథి తలొంచుకుని రాసుకున్నాడు. రజనీకుమారి తన పాత వరస ఎర్ర కలంతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కింద కొత్తగా రాసింది. వయసు గడిలో నిండిన రోజులే రాయాలి. ఒక్క రోజూ నిండలేదు కాబట్టి సున్నా వేసింది.

భాగ్యరేఖ వంగి ఆ సున్నా చూసింది. చూస్తూ చూస్తూ బావురుమంది. ఇన్నాళ్లూ నన్ను పిచ్చిదాన్ని చేశారని అత్తగారి భుజం పట్టుకుని ఊపేసింది. కాసేపటికి ఆ పిల్లే చాలించుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని అత్తగారి పక్కనే కూలబడింది.

"పన్నెండు దాకా ఉన్నాడు కదా అత్తా. అంతసేపూ ఏటి చేశాడు?"

నూకాలమ్మ చిక్కుడుకాయల చేట పక్కకి జరిపింది.

"ముందు ఆవులించాడమ్మా," అంది.