వచ్చే వారం మళ్ళీ వస్తారా

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఈ కథలో అత్త ఎవరినీ కొట్టలేదు, తోడికోడలు నవ్వనూ లేదు. నవ్వి ఉంటేనే బాగుండేది. నవ్విన మనిషినైతే నాలుగు తిట్లు తిట్టుకుని హాయిగా పడుకోవచ్చు. పెద్దకోడలికి ఆ సుఖం కూడా దక్కలేదు.

క్లినికల్ సోషల్ వర్క్ పీజీలో చేరేనాటికి ఆమెకు నలభై దగ్గర పడ్డాయి. అంతకుముందు ఏళ్ళ తరబడి ఒక కంటి ఆసుపత్రి కౌంటర్లో కూర్చుని టోకెన్లు ఇచ్చింది. ఈ వయసులో చదువేమిటని అడిగినవాళ్ళకి ఆమె ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది కానీ, అసలు కారణం ఒక్కటే. కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు జబ్బుచేసి పెద్దాసుపత్రి పిల్లల వార్డులో చాలా రోజులు ఉన్నాడు. వచ్చినవాళ్ళంతా ధైర్యం చెప్పి, అరటిపళ్ళు పెట్టి వెళ్ళిపోయేవారు. అక్కడి సోషల్ వర్కరు ఒకావిడ మాత్రం ధైర్యం చెప్పలేదు. పక్కన కూర్చుని, ఆమె చెప్పిందంతా చివరిదాకా విన్నది. కొడుకు కోలుకున్నాడు, ఇప్పుడు తల్లికంటే పొడుగయ్యాడు. ఆ వార్డులో ఎప్పటికైనా తను కూడా అలా కూర్చోవాలన్న కోరిక మాత్రం ఆమెలో అలాగే ఉండిపోయింది.

సరే, చేరింది. చేరి వారం తిరిగిందో లేదో, కింది వాటాలోంచి తోడికోడలు మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, నేను కూడా చేరిపోయానోచ్! ఇద్దరం ఒకే బస్సులో కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళొచ్చు!"

ఈ చిన్నకోడల్ని ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. ఎదుటివాళ్ళు ఒక ముక్క మొదలుపెడితే మిగతా మూడు ముక్కలూ తనే పూర్తిచేసేస్తుంది. అయినా అదేం చోద్యమో, అత్తగారికి అదంటే ప్రాణం, మరుదులకి ప్రాణం, చివరికి పెద్దకోడలి కన్నకొడుక్కి కూడా ప్రాణం. ఇక చదువులోకి కూడా దాపురించిందా అని పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది.

"చూడు, కాలేజీలో మనం ఒకింటివాళ్ళమని ఎవరికీ చెప్పకు. నన్ను అక్కా అని పిలవకు," అంది.

"అదేంటక్కా, ఎందుకు?"

"ఎందుకంటే ఎందుకేం? చెప్పొద్దన్నాను, అంతే."

వసపిట్ట మొహం చిన్నబోయింది. కానీ మాట నిలబెట్టుకుంది. ఊళ్ళో విషయాలన్నీ మోసే మనిషి ఆ ఒక్క సంగతీ కడుపులోనే దాచుకుంది.

చదువులో పెద్దకోడలికి ఎదురు లేదు. పుస్తకాలు నమిలి మింగింది. మార్కులన్నీ ఆమెవే. కానీ ప్రాక్టీసు కోసం క్లినిక్కుకి పంపినప్పుడు మాత్రం, ఆమె ముందు కూర్చున్నవాళ్ళు అడిగిన దానికి జవాబు చెప్పి, గడియారం చూసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయేవారు. అదే మనుషులు వసపిట్ట గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, మళ్ళీ ఎప్పుడు రావాలో కనుక్కుని మరీ వెళ్ళేవారు. "ఆవిడ ఒక్క మాట మాట్లాడదండీ, మనమే అంతా చెప్పేస్తాం," అనేవారు. ఎవరు, అదా? ఒక్క మాట మాట్లాడదా? పెద్దకోడలు నమ్మలేదు. తలుపు వేసుకున్నాక లోపల ఏం జరుగుతుందో ఎవరు చూడొచ్చారు? అదృష్టం, అంతే. కొందరికి అలా రాసిపెట్టి ఉంటుంది, మనలాంటివాళ్ళు అరగదీసుకోవాలి. ఇలా అనుకుని అనుకుని రాత్రిళ్ళు ఆమెకు నిద్ర పట్టేది కాదు. పేరు పెట్టాలంటే కుళ్ళు. ఆమెకి కూడా ఆ పేరు తెలుసు. చదివింది అదేగా మరి.

రెండో ఏడు పిల్లల వార్డులో శిక్షణకి ఒక్కరినే తీసుకుంటారు. పోటీలో చివరికి మిగిలింది వీళ్ళిద్దరే. ఇక్కడ క్లాసు మేడం పద్ధతి ఒకటి చెప్పాలి. ఆవిడ మార్కులు చూసి సీటు ఇచ్చే రకం కాదు. ఒకరు బాధ చెప్పుకోవడానికి వచ్చినట్టు, ఒకరు వినేవాళ్ళుగా గదిలో కూర్చోవాలి. ఒకవైపు నుంచే కనపడే అద్దం వెనక మేడం, క్లాసంతా చూస్తుంటారు. అయ్యాక మేడం లోపలికొచ్చి, బాధ చెప్పుకున్నవాళ్ళని ఒక్క ప్రశ్న అడుగుతుంది: "వచ్చే వారం ఈవిడ దగ్గరికే మళ్ళీ వస్తారా?" వస్తామంటే నెగ్గినట్టు. రామంటే ఇంతే సంగతులు. గదిలో అన్న మాట మాత్రం గదిలోనే ఉండాలి, బయట ఎత్తకూడదు.

పెద్దకోడలి వంతు ముందే అయిపోయింది. ఆమె ముందు కూర్చున్నది, బ్యాంకు ఉద్యోగం మానేసి చదువుకొచ్చిన ఒకాయన. మేడం అడిగితే ఆయన తల గోక్కుని, "ఆలోచించుకుని చెప్తానండీ," అన్నాడు. చచ్చినవాడు, వస్తానంటే వాడి సొమ్మేం పోయింది! ఇక మిగిలింది వసపిట్ట. దాని ముందు ఎవరు కూర్చోవాలో చీటీలు తీస్తే పెద్దకోడలి పేరే వచ్చింది. పోటీలో ఉన్నవాళ్ళయినా సరే, చీటీ వస్తే కూర్చోవాల్సిందే అంటుంది మేడం. వాళ్ళు తోడికోడళ్ళని ఆవిడకి తెలియదు కదా.

పెద్దకోడలికి లోపల ఎగిరి గంతేయాలనిపించింది. పన్నాగం అక్కడికక్కడే తయారైంది. నిద్ర పట్టడం లేదని ఒక్క మాట చెప్పి నోరు కుట్టేసుకోవడమే. మౌనాన్ని అది భరించలేదు. గడగడా వాగుతుంది, అద్దం వెనక అందరూ చూస్తారు. ఆపైన "రాను" అంటే సరి. ఎవరూ వంక పెట్టలేరు.

గదిలో రెండు కుర్చీలు, మధ్యలో బల్ల మీద టిష్యూ కాగితాల డబ్బా. పెద్దకోడలు కూర్చుని, "నిద్ర పట్టడం లేదండీ," అంది. నోరు మూసుకుంది.

వసపిట్ట తలూపింది. తను కూడా నోరు మూసుకుంది.

ఇప్పుడు మొదలెడుతుంది, ఇదిగో ఇప్పుడు, అని పెద్దకోడలు ఎదురుచూసింది. అది మొదలెట్టలేదు. కాలు ఊపలేదు, జుట్టు సర్దుకోలేదు. తొందరేమీ లేనట్టు, ఎంతసేపైనా ఉంటానన్నట్టు కూర్చుంది. పెద్దకోడలు డబ్బా కేసి చూసింది, నేల కేసి చూసింది. ఇంట్లో ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడని ఆ మొహం ఎదురుగా ఉంది. ఎప్పుడు నోరు విప్పిందో ఆమెకే తెలియదు.

"మా చెల్లెలంటే నాకు పడదండీ."

"ఊఁ."

"అది నన్నేం అనలేదు. ఒక్కసారైనా అంటే బాగుండును. నేను చచ్చీ చెడీ తెచ్చుకునేది దానికి ఊరికే వచ్చి ఒళ్ళో పడుతుంది. అది వస్తే అందరి మొహాలూ అటే తిరుగుతాయి. మా అబ్బాయి చిన్నప్పుడు దెబ్బ తగిలితే నన్ను దాటుకుని దాని దగ్గరికే పరుగెత్తేవాడు."

"మిమ్మల్ని దాటుకుని," అంది వసపిట్ట మెల్లగా. అంతే అంది.

పెద్దకోడలు బావురుమంది. వసపిట్ట ఊరుకోమనలేదు, డబ్బా ముందుకు తొయ్యలేదు. ఒళ్ళో చేతులు మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"దానికి మంచి జరిగితే నాకు ముద్ద దిగదు. ఇలా ఉండటం నాకూ ఇష్టం లేదండీ."

"ఇదంతా ఇన్నేళ్ళూ మీలో మీరే దాచుకున్నారు."

తలుపు తెరుచుకుని మేడం వచ్చింది. వెనకాలే బ్యాంకాయన తల దూర్చి, "ఏం నటించారండీ, నాకే ఏడుపొచ్చింది!" అన్నాడు. మేడం అతన్ని బయటికి పంపేసి అడిగింది.

"చెప్పండి. వచ్చే వారం ఈవిడ దగ్గరికే మళ్ళీ వస్తారా?"

"రాను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే వార్డు తనది. కానీ ఎన్నేళ్ళకో గుండె తేలికపడింది. వద్దనడానికి నోరు రాలేదు.

"వస్తాను," అంది. "రేపు రమ్మన్నా వస్తాను."

వార్డు వసపిట్టకి వచ్చింది. పెద్దకోడల్ని ఒక వృద్ధాశ్రమంలో వేశారు. తేలికపడిన గుండె ఎంతసేపు అలా ఉంటుంది? రెండు రోజులకే మళ్ళీ మంట మొదలైంది. ఇంట్లో వసపిట్ట ఎప్పటిలాగే పైకొచ్చి కర్టెన్ల గురించి, బస్సు కండక్టరు గురించి వాగి పోతోంది. ఆ రోజు ఊసే లేదు. అక్కా, నేనంటే అంత కుళ్ళా అని ఒక్కసారి అడగొచ్చుగా! పోట్లాడినా బాగుండును. ఉహూఁ. గదిలో మాట గదిలోనే.

ఇక ఆగలేక ఒక సాయంత్రం పెద్దకోడలే కిందికి దిగింది. వసపిట్ట వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఆ రోజు మేడం అడిగితే వస్తానన్నాను. గుర్తుందా?"

వసపిట్ట చేతులు ఆగిపోయాయి. "ఉందక్కా."

"ఎప్పుడు రమ్మంటావ్?"

"రాకూడదక్కా. ఇంటివాళ్ళకి మనం కౌన్సెలింగ్ చెయ్యకూడదు కదా. ఆ నియమాల పేపర్లో క్లాస్ ఫస్టు నువ్వే."

"పరాయిదాన్ననే చెప్పమన్నాగా. అలాగే అనుకో."

"ఎలా అనుకోను? అసలు ఆ రోజే లేచిపోవాల్సింది. మేడంకి చెప్పెయ్యాల్సింది." చేతిలో కాయని ఒలవకుండానే గిన్నెలో పడేసింది. "కానీ నువ్వు నాతో మాట్లాడటం అదే మొదటిసారక్కా. ఎలా లేచిపోను?"

పెద్దకోడలు వంగి ఆ కాయ తీసి ఒలిచింది.

"వార్డులో మా సీనియర్ ఒకావిడ ఉంది, చాలా బాగా వింటుంది. ఫోన్ నంబరిస్తాను."

"ఆవిడెందుకే నాకు? నాకు నువ్వు కావాలి."

వసపిట్ట చిక్కుడుకాయల గిన్నె పక్కకి పెట్టింది. తర్వాత పీట ఒకటి ముందుకు జరిపింది. "అలా అయితే కూర్చో. చెల్లెల్నేగా, చెల్లెలిలాగే వింటాను. చెప్పు."

పెద్దకోడలు కూర్చుంది. గొంతు సవరించుకుంది. "నీకు వార్డు వచ్చిందని తలుచుకుంటే నాకింకా కడుపు మండుతోందే. రాత్రి పడుకుంటే..."

"నిద్ర పట్టదు, అంతేగా? పట్టదు మరి! నువ్వు పొద్దుపోయేదాకా ఆ ఫోన్ చూస్తావు. గోరువెచ్చని పాలు తాగమని ఎన్నిసార్లు చెప్పాను? మా పిన్నికీ అచ్చం ఇంతే, ఏం చేసిందనుకున్నావ్..."

మొదలైంది. పిన్ని నుంచి పిన్ని ఆడపడుచు, అక్కణ్ణించి వాళ్ళ మేడ మీద అద్దెకున్నవాళ్ళు. పెద్దకోడలు రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ సందు దొరకలేదు. రేపు పొద్దున్న వార్డులో ఎవరో ఒక తల్లి, ముక్కూ మొహం తెలియని మనిషి, ఇదే వసపిట్ట ఎదురుగా కూర్చుంటుంది. ఆమె కోసం ఈ నోరు మూతపడుతుంది, ఆ మొహం బయటికొస్తుంది. తనకి మాత్రం జన్మలో రాదు. మంచం మీద బిడ్డని పెట్టుకుని ఏడ్చే ఆ తల్లి మీద పెద్దకోడలికి కుళ్ళు పుట్టింది. ఒకప్పుడు తనున్న చోట ఉన్న మనిషి మీద! ఛీ, నా బతుకు చెడ, ఇంతకి దిగజారానా అనుకుంది. అనుకున్నా కుళ్ళు పోలేదు.

"వింటున్నావా అక్కా?"

పెద్దకోడలు తన ఒళ్ళో చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"వింటున్నాను," అంది. "చెప్పు."