తలుపు కింద మరక

నితీష్‌కి వరసగా మూడేళ్ళూ రెండో బహుమతే వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో సహా అందరికీ మిఠాయి పంచాడు. రెండోసారి "పర్వాలేదు" అనుకున్నాడు. మూడోసారి ఆ కప్పుని తీసుకెళ్ళి బట్టల బీరువా మీద, ఎవరి కంటా పడని మూలకి తోసేశాడు. ఇంకో రెండో బహుమతి వస్తే ఈ పనే మానేస్తానని భార్య కృష్ణప్రియ ముందు ఒట్టు కూడా వేశాడు.

పని అంటే బొమ్మల పని. పిల్లలాడుకునే బొమ్మలు కావు. మిలిటరీ హెలికాప్టర్లని అసలు కొలతలో నలభై ఎనిమిదో వంతుకి తగ్గించి, ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులేసి చేసే నమూనాలు. ఏటా ఒక ఆదివారం మాదాపూర్‌లో వాటికి పోటీ పెడతారు. దానికింత పట్టుదలెందుకని మీరడగచ్చు. హైటెక్ సిటీలో తొమ్మిదో అంతస్తులో కూర్చుని, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం అతని ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే కుర్చీ. తప్పు దొరికితే రాసినవాడికి కోపం, దొరక్కపోతే మేనేజరుకి కోపం. శభాష్ అన్న పాపాన పోయినవాడు లేడు. ఆ మాదాపూర్ హాల్లో మాత్రం జనం అతని బల్ల దగ్గర ఆగి, వంగి చూసి, పేరడిగేవాళ్ళు. మనిషికి ఎక్కడో ఒకచోట ఫస్టు రావాలని ఉండదూ!

పోయినేడు జడ్జి ప్రవీణ గారు అతని హెలికాప్టర్‌ని భూతద్దంతో నాలుగు వైపులా చూసి ఒక్క మాటన్నారు. "అతుకులు బాగున్నాయి, రంగు బాగుంది. కానీ ఇప్పుడే షోరూంలోంచి తోలుకొచ్చినట్టుందండీ. ఇది ఎప్పుడైనా ఎగిరిందా?"

ఆ మాట అతని గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. ఈ పనిలో సగం విద్య మురికి చెయ్యడమే. కొత్తగా వేసిన రంగు మీద పొగ మసి, నూనె కారిన చారలు, బూట్లు తగిలి పెచ్చులూడిన చోట్లు అన్నీ పెట్టి, ఏళ్ళ తరబడి వాడిన యంత్రంలా కనబడేట్టు చెయ్యాలి. అలాగని ఇష్టమొచ్చినట్టు పూస్తే కుదరదు. ప్రతి మరకకీ రుజువుండాలి. అసలు హెలికాప్టర్ ఫోటో పక్కన పెట్టి, ఇదిగో ఇక్కడ ఇలా ఉంది కాబట్టి నేనూ అలా పెట్టానని చూపించాలి. అలాంటి ఫోటో కోసం నితీష్ ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టాడు. అందరికీ దొరికేవే అతనికీ దొరికాయి.

అలాంటి సమయంలో దొరికారు సుబ్రహ్మణ్యం గారు. నార్సింగిలో వాళ్ళుండే అపార్ట్‌మెంట్లోనే నాలుగో అంతస్తు. కాకినాడవైపు మనిషి, డెబ్భై ఏడేళ్ళు, ఇస్త్రీ చొక్కా లేకుండా పాల ప్యాకెట్‌కి కూడా కిందికి దిగరు. ఒకరోజు లిఫ్టులో నితీష్ చేతిలో ఉన్న డబ్బా మీది హెలికాప్టర్ బొమ్మ చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"చేతక్! ఇరవయ్యేళ్ళు దీన్నే చూసుకున్నానయ్యా నేను. ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌ని."

నితీష్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ శనివారమే వాళ్ళింటికెళ్ళాడు. ఆయన భార్య జయలక్ష్మి గారు కాఫీ ఇచ్చారు, ఆయన ఆల్బం తీశారు. తీరా చూస్తే ఏముంది, ఒక్కో హెలికాప్టరూ పెళ్ళిపీటల మీద కూర్చోబోతున్నట్టు తళతళలాడుతోంది. ఎక్కడా ఒక్క మరక లేదు.

"మరకలే లేవేంది అంకుల్?" అన్నాడు నితీష్, నీరసంగా.

"మరకలుంటే ఇంక నేనెందుకయ్యా?" అని ఆయన నవ్వారు. "దిగగానే గుడ్డ పట్టుకుని ఎక్కేసేవాణ్ణి. ఒక్క చుక్క కనబడినా ఆ పూట నాకు అన్నం సయించేది కాదు."

"ఇంట్లోనూ అంతేనండి బాబూ," అని వంటింట్లోంచి జయలక్ష్మి గారి గొంతు. "గ్యాస్ పొయ్యి కూడా నన్ను తుడవనివ్వరు."

తర్వాతి శనివారం నితీష్ మళ్ళీ వెళ్ళాడు. మధ్యలో ఫోనొచ్చి ఆయన బాల్కనీలోకి వెళ్ళారు. హెలికాప్టర్ నంబరు సరిగ్గా కనబడటంలేదని నితీష్ ఆల్బంలోంచి ఒక ఫోటో పైకి లాగాడు. దాని వెనకాల ఇంకో ఫోటో ఉంది. ఎవరూ చూడకూడదని దాచినట్టు, బొమ్మ లోపలి వైపుకి తిప్పి పెట్టి ఉంది. తిప్పి చూశాడు. అదే చేతక్, అదే నంబరు. కానీ ఒళ్ళంతా మట్టి, తోక దాకా పొగ మసి. తలుపు కిందనుంచి వెనక్కి, గాలికి సాగినట్టుగా, నాలుగు పాయలుగా కారిన ముదురు గోధుమరంగు మరక.

అడగొచ్చు. బాల్కనీ పది అడుగుల దూరంలో ఉంది. "అంకుల్, ఇది తీసుకోనా?" అంటే సరిపోయేది. వద్దంటారేమోనని భయం. ఫోనుతో చటుక్కున రెండు ఫోటోలు తీసుకుని, అసలుది యథాస్థానంలో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాడు. ఛీ, అదేం బుద్ధో!

ఆ తర్వాత రెండు నెలలు, రోజూ పొద్దున్నే ఆఫీసుకి ముందు రెండు గంటలు, అదే పని. పొగ మసి ఒక వారంలో వచ్చేసింది. మట్టి వచ్చింది. తలుపు కింద మరకే లొంగలేదు. ఆయిల్ పెయింట్‌ని పల్చగా చేసి, సన్నటి కుంచెతో వెనక్కి లాగి, ఎండనిచ్చి, మళ్ళీ లాగి, నచ్చక తుడిచేసి, మళ్ళీ మొదలుపెట్టి, పదకొండోసారికి ఫోటోలో ఉన్నట్టే కుదిరింది. కృష్ణప్రియ వంగి చూసి, "అబ్బ, నిజంగ కారినట్టే ఉందిరా బాబు! ఈసారి ఫస్టు నీదే," అంది. ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

పోటీ ఆదివారం. శుక్రవారం ఇంట్లోంచే ఆఫీసు పని కాబట్టి, పొద్దున పదింటికి బొమ్మని అట్టపెట్టెలో పెట్టుకుని నాలుగో అంతస్తుకి దిగాడు. ఆ చేతక్‌ని ఇరవయ్యేళ్ళు చేత్తో తాకిన మనిషి "ఇది మాదే" అంటే, ప్రవీణ గారు ఏమన్నా ఇంక లెక్కలేదని అతని ధీమా. జయలక్ష్మి గారు గుడికెళ్ళారు, ఆయనొక్కరే ఉన్నారు.

సుబ్రహ్మణ్యం గారు కళ్ళజోడు తుడుచుకుని బొమ్మని రెండు చేతుల్తో అందుకున్నారు. రెక్కల్ని వేలితో మెల్లిగా తిప్పారు. "అరె, ఈ బోల్టులు కూడానా! ఎంత ఓపికయ్యా నీకు!" అంటూ పక్కకి తిప్పారు. తలుపు కింద చూపు ఆగిపోయింది.

నితీష్‌కి అదేమీ పట్టలేదు. ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. "ఆ మరకనే అంకుల్, పాణం తీసింది. ఒట్టి నలుపు వేస్తే నూనెలెక్క వస్తలేదు. గోధుమరంగుల కొంచెం ఎరుపు కలిపిన. అప్పుడు కుదిరింది. ఎట్లున్నది?"

"ఎరుపెందుకు కలిపావు?"

"ఫోటోల అట్లనే ఉన్నది కద..." అని, అక్కడ నాలిక్కరుచుకున్నాడు.

ఆయన బొమ్మని బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. తర్వాత చెప్పారు.

"అది నూనె కాదు బాబూ. మా వీరేశం నెత్తురు."

వీరేశం ఆయనతో పాటే పనిచేసిన మెకానిక్. ఇక్కడికి దగ్గర్లోని ఖాజాగూడ కుర్రాడు. ఇంటికి అంత దూరాన, సరిహద్దులో, తెలుగు మాట్లాడే తోడు వాడొక్కడే. కొండల మీద ఒక సైనిక పోస్టు దగ్గర రాళ్ళు విరిగిపడి, వాడికి తొడ దగ్గర తెగింది. చేతక్‌లో వాణ్ణి తలుపు వారగా పడుకోబెట్టి దవాఖానకి తెస్తుంటే దారంతా కారిపోయింది. గాలికి వెనక్కి సాగి, చలికి గడ్డకట్టింది. దిగేసరికి వాడు లేడు. రిపోర్టు కోసం ఎవరో ఫోటో తీశారు.

"మర్నాడు దాన్ని కడిగింది నేనే. వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు. వాడి శవపెట్టె వెంట ఖాజాగూడ వచ్చిందీ నేనే. అప్పుడక్కడ చెరువూ, బండలూ, వాళ్ళ నాలుగిళ్ళూ తప్ప ఏమీ లేవు. వాళ్ళమ్మ రుక్కమ్మ ఒకటే అడిగింది, పిల్లగాడికి నొప్పయిందా అని. లేదమ్మా, తెలియకుండా పోయాడన్నాను. ఇన్నేళ్ళయినా మా ఆవిడక్కూడా ఈ సంగతి చెప్పలేదు."

నితీష్ తలదించుకుని, "తప్పయింది అంకుల్, అడగకుండ తీసుకున్న," అన్నాడు. ఆ క్షణంలో అతను నిజంగానే సిగ్గుపడ్డాడు.

"పోటీకి తీసుకెళ్ళు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మట్టి ఉంచు, మసి ఉంచు. ఆ ఒక్కటీ తీసెయ్యి. ఆ ఫోటో కూడా అక్కడ పెట్టకు. నేనొకసారి కడిగానయ్యా దాన్ని. మళ్ళీ నాచేత కడిగించకు."

"ఇయ్యాలనే తీసేస్త అంకుల్. ఒట్టు."

పైకొచ్చాడు. హెలికాప్టర్‌కి వేసిన అసలు రంగు సీసాలో ఇంకా మిగిలే ఉంది. దాన్ని మరక మీద రెండు పూతలు వేసి, ఆరనిచ్చి, పైన కాస్త మట్టి అద్దితే అయిపోతుంది. కుంచె కూడా ముంచాడు. ముంచి, ఆ మరక వైపు చూశాడు. పదకొండుసార్లు లాగిన మరక! అది పోతే మిగిలేది మళ్ళీ అందరి చేతకులాంటి చేతకే, మళ్ళీ రెండో బహుమతే. ఫోటో పెట్టకపోతే మట్టికీ మసికీ కూడా రుజువు లేదు. కుంచె కడిగేసి శనివారం చూద్దామనుకున్నాడు. శనివారం పొద్దున మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, మాదాపూర్ దాకా వచ్చేదుందా పెట్టేదుందా! పోటీ అవగానే తీసేస్తే ఆయనకెట్లా తెలుస్తది? ఇలా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. మనసు కూడా ఎంత తొందరగా ఒప్పేసుకుందో! కృష్ణప్రియకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ చెప్పకపోవడమే కొంప ముంచింది.

ఆదివారం అతను పొద్దున్నే వెళ్ళి బల్ల సర్దుకున్నాడు. బొమ్మ, దాని పక్కన ఆ ఫోటో, ముందు ఒక కార్డు. 'ఈ హెలికాప్టర్‌ని ఇరవయ్యేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న సుబ్రహ్మణ్యం గారికి కృతజ్ఞతలు.' ఆ కార్డు వారం క్రితం అచ్చు వేయించినదే. ప్రవీణ గారు బల్ల దగ్గరికొచ్చి భూతద్దం తీసిన సమయానికి, గుమ్మంలోంచి కృష్ణప్రియ చెయ్యూపుతూ వస్తోంది. భర్తకి సంతోషం చేద్దామని కారులో ఆ ముసలి దంపతుల్ని వెంటబెట్టుకొచ్చింది పాపం. తెల్లటి ఇస్త్రీ చొక్కాలో సుబ్రహ్మణ్యం గారు, మోకాలు పట్టుకుని మెల్లిగా నడుస్తూ, బల్ల ముందుకొచ్చి ఆగారు.

ఆయన బొమ్మని చూశారు. ఫోటోని చూశారు. నితీష్‌ని మాత్రం చూడలేదు.

"అద్భుతమండీ," అంటున్నారు ప్రవీణ గారు. "పోయినేటికీ ఇప్పటికీ పోలికే లేదు. ఇదిగో, ఈ తలుపు కింద మరక. ఇదేంటి?"

చుట్టూ పదిమంది ఫోన్లు పట్టుకుని వంగారు. నితీష్ కార్డుని కాస్త పక్కకి జరిపాడు. పొరపాటు మేడం, అది ఉండకూడదు అంటే చాలు. కప్పు పోతుంది, అంతే.

"నూనె మేడం. గేర్‌బాక్స్ లీకేజీ."

"నూనెలో ఇంత ఎరుపా?" ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "ఫోటో పాతబడి రంగు మారిందేమో. దాన్ని చూసి మీరు పొరపాటుగా ఎరుపు వేశారేమో. అలాగైతే మార్కులు తగ్గించాలి మరి."

"అయ్యో మేడం, ఆ సారే వచ్చిండ్రు కద!" అంది కృష్ణప్రియ, గర్వంగా కార్డు చూపిస్తూ. "ఈయననే అడుగుండ్రి."

హాలంతా ఆయన వైపు తిరిగింది. నితీష్ కళ్ళు నేలకి అతుక్కుపోయాయి. ఈ పదిమందిలో వీరేశం పేరెత్తితే, ఆ ఫోన్లన్నీ ఇంకా దగ్గరికొచ్చి ఆ నాలుగు చారల్నీ ఫోటోలు తీస్తాయి. ఆయనకది తెలుసు.

"నూనేనండి," అన్నారు సుబ్రహ్మణ్యం గారు. "పాత నూనె అలాగే ఎర్రబడుతుంది."

"ఇంత కారితే ఎవరూ తుడవలేదా?"

"తుడవాల్సింది నేనేనండి. తుడవలేదు. నా అశ్రద్ధే."

"పోనీలెండి, మీ అశ్రద్ధ ఈ అబ్బాయికి కలిసొచ్చింది!" అని ప్రవీణ గారు నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. జయలక్ష్మి గారొక్కరే నవ్వలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని, "అదేంటండీ, మీరు తుడవకపోవడమేంటి?" అని రెండుసార్లడిగారు.

మొదటి బహుమతి నితీష్‌దే. కప్పు పెద్దది. పేరు తప్పు లేకుండా పిలిచారు, చప్పట్లు కొట్టారు. నాలుగేళ్ళు కలలుగన్న చప్పట్లు అవి, చెవిలో సీసం కాచి పోసినట్టు మండాయి.

తిరుగు ప్రయాణంలో కృష్ణప్రియ కారు నడుపుతోంది. కప్పు నితీష్ ఒళ్ళో ఉంది. ఖాజాగూడ దాటుతుంటే సుబ్రహ్మణ్యం గారు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. కృష్ణప్రియ ఒక్కతే పార్టీ ఎక్కడ చేసుకోవాలా అని మాట్లాడుతోంది.

అపార్ట్‌మెంటు లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. జయలక్ష్మి గారు ముందు దిగారు. ఆయన దిగి, మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, వెనక్కి తిరిగి, "ఫస్టొచ్చింది కదా. సంతోషం బాబూ," అన్నారు.

ఇంక నితీష్ ఆగలేకపోయాడు. "అంకుల్, ఇప్పుడే పోయి తీసేస్త. నిజంగ. గంట పని, అంతే."

ఆయన అతని మొహంలోకి చూశారు.

"గంట పనేనా?" అన్నారు. "మొన్న ఒట్టేశావు కదా, రెండు రోజులకి మించిన పనేమో, అందుకే అవలేదేమో అనుకున్నాను."

ఆయన తమ ఇంటివైపు నడిచారు. లిఫ్టు తలుపు మూసుకుంది.