పదకొండు ముడులు

పెళ్లై పదకొండు రోజులు. ఆ అంకె మీద కొత్త పెళ్లికూతురికి ఎంత మోజంటే, మొగుడి కత్తులు చుట్టిన గుడ్డకు సరిగ్గా పదకొండు ముడులు వేసింది.

ఆమె పని పుస్తకాలకు బైండింగు కట్టడం. అతను వంటవాడు. సరిహద్దు అవతలి రాష్ట్రంలో ఒక పెద్ద హోటలు వంటశాలలో మర్నాడు ఉదయం ఎనిమిదింటికి అతనికి పరీక్ష. ఎవరి కత్తులు వాళ్లే తెచ్చుకోవాలి. అతనికున్న నాలుగింటిలో పొడుగుది గురువు ఇచ్చింది. ఇరవై ఏళ్ల సానకు సన్నబడి, చేతిలో ఉన్నట్టే తెలియదు. వేరే కత్తి పట్టుకుంటే పరాయి చెప్పులు తొడుక్కున్నట్టు ఉంటుందంటాడు.

తమ రాష్ట్రంలో పనివాడు కత్తిని నడుముకు కట్టుకుని తిరిగినా అడిగేవాడు లేడు. అవతల అలా కాదు. అలుగు నాలుగంగుళాలు దాటితే, దారిలో అది చేతికి వెంటనే అందేలా ఉండకూడదు. అందిందా, తీసేసుకుంటారు. అర్జీ పెట్టుకుంటే నెలకు తిరిగొస్తుంది. పరీక్ష నెల ఆగుతుందా?

ఆమె ఆ నిబంధన మూడుసార్లు చదివింది. "అందకూడదనే కదా! ఎలా అందుతుందో నేనూ చూస్తా" అని దబ్బనం తీసి, మైనం పూసిన దారంతో గుడ్డచుట్టను అడ్డంగా నిలువుగా కుట్టిపారేసింది. పనిలో పనిగా తన కాగితాల కత్తీ, కత్తెరా కూడా అందులోనే పెట్టింది. చివరి దారం పంటితో కొరికింది. పుస్తకానికి అట్ట మీద పేరు రాసినట్టు, పైన ముచ్చటగా ఒక చీటీ అంటించింది. ఏ కత్తి ఎన్ని అంగుళాలో, ఎందుకో, అన్నీ అందులో ఉన్నాయి.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదోయ్" అన్నాడతను.

"ఒరలో ఇమడవేమో. నా కుట్టులో ఐదు ఇమిడాయి, కత్తెర అదనం" అంది.

సరిహద్దు దగ్గర బస్సు ఆగింది. తనిఖీ గదిలో బల్ల, బల్ల అంచుకు మేకులతో బిగించిన ఇనుప స్కేలు, దాని వెనక కళ్లజోడు ముక్కు మీదికి జారిన అధికారి. ఆయన చుట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటమ్మా ఇది, కత్తులా, పసిపిల్లాడా? ఇంత భద్రంగా చుట్టారు?"

"కత్తులే సార్. చీటీలో ఉన్నాయి."

"ఎనిమిదంగుళాలదా!" ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "చీటీకేం, ఎవరైనా రాస్తారు. లోపల ఏముందో, చేతికి ఎంత సులువుగా అందుతుందో నేను చూడాలి. విప్పండి."

అప్పుడు తెలిసింది ఆమెకు తను చేసిన పని. కోసేవన్నీ లోపలే ఉన్నాయి! మొగుడి మొహం చూసింది. అతను చుట్ట మీద వేసిన చెయ్యి తీయలేదు.

అధికారి గోటితో గిల్లాడు. తాళంచెవి దూర్చాడు. మైనం దారం మొండికేసింది. "ఏవయ్యా డ్రైవరూ, చాకుందా?"

"మీ పుణ్యమా అని ఈ దారిలో చాకు పెట్టుకునే మొనగాడు ఎవడున్నాడు సార్?" అన్నాడు డ్రైవరు గుమ్మంలోంచి. "పట్టుకున్నవి మీ సొరుగు నిండా ఉన్నాయిగా, అందులోంచి ఒకటి తీయండి."

"వాటికి సీళ్లు వేశాంరా నాయనా. విప్పితే నా మీద కేసు!"

ఆమె జడలోంచి పిన్ను తీసి, మొదటి ముడిలోకి దూర్చింది. కాస్త లాగడం, కాస్త ఊదడం, మళ్లీ లాగడం. గదిలో ముగ్గురూ వంగి, పురుడు పోస్తున్నట్టు చూస్తున్నారు. ముడి వదిలేసరికి గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి.

"హమ్మయ్య!" అన్నాడు అధికారి, విప్పిన చేతులు తనవే అయినట్టు. "ఇక విప్పెయ్."

"ఇంకా పది ఉన్నాయి సార్."

అధికారి గడియారం వంక చూశాడు. నాలుగు పదులు వేళ్ల మీద లెక్కేశాడు. డ్రైవరు హారన్ కొట్టడానికి వెళ్లిపోయాడు. ఆయన చుట్టను చేత్తో పైనుంచి తడిమి, చీటీలోని పొడుగులతో పోల్చి, నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసేశాడు.

"నలభై నిమిషాలు! ఈ కత్తితో నిన్ను బెదిరించాలంటే మీ ఆయన ముందురోజే మొదలెట్టాలమ్మా." పుస్తకంలో 'చేతికి వెంటనే అందదు' అని రాసి, ముద్ర కొట్టాడు. "వెళ్లండి. మంచి ఉద్యోగం రావాలి బాబూ."

బస్సెక్కాక అతను ఆమె చెయ్యి పట్టుకుని, దిగేదాకా వదల్లేదు.

సాయంత్రం ఎండ ఇంకా కిటికీలో ఉండగానే కొత్త గదికి చేరారు. సామాను రెండు పెట్టెలు, ఒక చాప. ఇంటావిడ తలుపులోంచి తొంగిచూసి, "ముడులతో తంటాలెందుకమ్మా, కత్తిపీట ఇవ్వనా?" అంది.

"వద్దండీ, దారం మంచిది, పాడవుతుంది" అంది ఆమె.

ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఒక ముడి ఆమె, ఒక ముడి అతను విప్పుకుంటూ పోయారు. అతనిది ఒక్కోటి ఆరు నిమిషాలు పట్టింది. "ఉల్లిపాయలు తరిగే చేతులకు ఇది చేతకాదా?" అని దెప్పింది. చివరి ముడి వదిలితే, పొడుగు కత్తి పక్కనే ఆమె కాగితాల కత్తి ఒదిగి పడుకుని ఉంది. అతను రెండింటినీ తీసి, ముందు ఆమెదానికే సాన పట్టాడు.

తెల్లారాక గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చాడు. "ఏమోయ్, ఇక్కడ వీధిలో కూడా అదే చట్టం కదా. కుట్టు."

"ఎన్ని ముడులు?"

"ఒక్కటి చాలు తల్లీ! అక్కడ పెద్ద వంటాయన ముందు నేను విప్పుకోవాలి."

ఒక్కటే వేసింది. జడలోంచి పిన్ను తీసి చుట్ట అంచుకు గుచ్చింది.

సాయంత్రం పిన్ను తిరిగొచ్చింది, ఉల్లిపాయల వాసనతో.

"దీన్ని నీ జడలో పెట్టుకోకు. రేపు కూడా కావాలి," అన్నాడతను. "ఎల్లుండి కూడా."