గుండీకో నవ్వు

ఏనుగుకు కోటు కుట్టి, తొండానికి విడిగా చెయ్యి తగిలించిన దర్జీని నేనే. నమ్మకపోతే మీ ఇష్టం. మా మనవరాలు చిట్టి నమ్మింది. ఆరేళ్ల పిల్ల, ఏది చెబితే అదే నిజమనుకుంటుంది. ఆటిజం అన్నారు డాక్టర్లు. చప్పుడెక్కువైతే చెవులు మూసుకుని ఊగేది.

రెండు బళ్లు వద్దన్నాయి. మూడో బడివాళ్లు వచ్చే నెల తీసుకురండి, చూసి చెబుతామన్నారు. మా అమ్మాయికి దిగులు పట్టుకుంది.

"నాకొదిలెయ్యవే. ఏనుగునే కదలకుండా నిలబెట్టి కొలతలు తీసినవాణ్ణి."

"నీ ఏనుగును కాసేపు కట్టెయ్ నాన్నా! చెవులు మూసుకుంటే ఆపొద్దు, ఎందుకో కనుక్కోమని డాక్టర్లు చెప్పలేదూ?"

"కనుక్కుంటూ కూర్చుంటే సీటెవడిస్తాడే?"

చిట్టికి గుండీలంటే ప్రాణం. రెండు చిల్లులవీ నాలుగు చిల్లులవీ వేరుచేసి కత్తిరింపు బల్ల అంచున బారులు తీర్చేది. అందుకని బేరం పెట్టాను: చేతులు దించి నవ్వితే ఒక గుండీ. నెల తిరిగేసరికి నేను కనుబొమ్మ ఎగరేస్తే చాలు, చేతులు దిగేవి, పళ్లన్నీ కనపడేవి. మూడో బడిలో పెద్ద టీచరమ్మ ముందు అరగంట నవ్వింది. సీటిచ్చారు. వీధంతా తిరిగి డప్పు కొట్టుకున్నాను.

ఆ వారమే చిట్టి చెయ్యి మాటిమాటికీ ఎడమ చెవి మీదికి పోసాగింది. పాత అలవాటు తిరగబెట్టిందనుకుని కనుబొమ్మ ఎగరేశాను. దించింది, నవ్వింది. గుండీ ఇచ్చాను. నాలుగు రోజులు ఇదే వరస. ఐదోనాటి పొద్దున దిండు మీద చీమూ నెత్తురూ.

"ఎన్నాళ్లుగా నొప్పి?" అంది డాక్టరమ్మ.

"నొప్పేం లేదమ్మా. నవ్వుతూనే ఉందిగా!"

ఆవిడ చెవిలో లైటు వేసి చూసింది. "కర్ణభేరికి చిల్లు పడింది. ఈ నొప్పికి పెద్దవాళ్లే గోలపెడతారు తాతగారూ. వినికిడి పూర్తిగా వస్తుందని చెప్పలేను."

చిట్టి ఆవిడ వైపు చూసి నవ్వింది. మా అమ్మాయి గోడవైపు తిరిగి నిలబడింది.

ఇప్పుడు చుక్కలమందు నేనే వేస్తున్నాను. చుక్క పడగానే చిట్టి ఒళ్లు బిగుసుకుంటుంది, చెయ్యి పైకి లేస్తుంది. నా ముఖం చూసి, దించేసి నవ్వుతుంది.

"ఏడువు తల్లీ. తాత ఏమీ అనడు."

ఇంకా పెద్దగా నవ్వుతుంది.

నేనే ఆ చెయ్యి పట్టుకుని చెవి మీద పెడతాను. దించుతుంది. మళ్లీ పెడతాను. నిన్న ఒక్కసారి, రెండు క్షణాలు, అక్కడే ఉంచింది.