అమ్మ పిలవని పేరు

ఫోనెత్తగానే ముందు వాసన వస్తుంది.

ఏటి బురద వాసన. నీళ్లు తీసినప్పుడు గట్టున మిగిలే నల్ల బురద... ఆ తర్వాతే ఎర్లీన్ పిన్ని గొంతు.

"ఇవాళ కూడా కనిపించావే," అంది పిన్ని. "రేవు మెట్ల మీద కూర్చున్నావు. అదే పసుపు గౌను. ఇంకోటి కొని పంపమని మీ అమ్మకి చెప్పు. ఆ గౌను చూడలేక చస్తున్నాను."

పిన్ని నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

నాకు అన్నీ కాస్త ఆలస్యంగానే వస్తాయి. నవ్వు, ఏడుపు, ఆకలి. ఫిలడెల్ఫియాలో పెరిగాను. బళ్లో లెక్కలు చెబుతున్నాను. తల నెరుస్తోంది. కానీ నేను పుట్టిన సవానాలో, పిన్ని ఉండే ఊళ్లో, ఆ రేవు మెట్ల మీద... నేనింకా చిన్నపిల్లనే.

మాలో ఒక పద్ధతి ఉంది. ఏ చోటైనా విడిచి వచ్చేటప్పుడు పిల్లల్ని పేరు పెట్టి పిలవాలి. రా, పోదాం పద, అనాలి. పిలవకపోతే ఒళ్లొక్కటే వెంట వస్తుంది. ప్రాణం మాత్రం ఆడుకుంటూ అక్కడే ఉండిపోతుంది.

మేం సవానా విడిచిన రోజు అమ్మ గుమ్మంలో నిలబడి పిలిచింది. గట్టిగానే పిలిచింది.

"ఒడెస్సా! రామ్మా, పోదాం."

ఒడెస్సా మా అక్క. అప్పటికి కొద్దిరోజుల ముందే ఏట్లో పడి చనిపోయింది. మట్టి ఇచ్చి వచ్చాం.

కారు వెనక సీట్లో కూర్చుని ఉన్నది నేను. నా పేరు వర్నెల్.

నా పేరు ఎవరూ పిలవలేదు.

*

అలా అక్క మాతో వచ్చేసింది.

అమ్మ వంటింట్లో పిండి కలుపుతూ పాడుతుంది. పాడుతూ పాడుతూ ఆగుతుంది. ఎవరో ఏదో అన్నట్టు నవ్వుతుంది. "పోవే, అల్లరిదానా," అంటుంది. పెరటి గుమ్మం దగ్గర నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది... ఎండాకాలంలో కూడా. నన్ను తుడవనివ్వదు.

నన్ను మాత్రం "అమ్మాయ్" అంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వర్నెల్ అనలేదు. చనిపోయిన పిల్ల మీద ఉన్నంత ముద్దు నా మీద లేదు. నాకు కోపం వస్తుంది. ఆలస్యంగానైనా వస్తుంది.

ఇప్పుడు అమ్మ గొంతులో గడ్డ. కోసి తీసేయాలన్నారు డాక్టర్లు. ప్రాణానికి ఫర్వాలేదట. మాట మాత్రం ఇక ఉండదట.

విడిచి వచ్చినవాళ్లే ఆ చోటికి తిరిగి వెళ్లి పిలవాలి. ఇంకెవరు పిలిచినా ప్రాణం కదలదు. అమ్మ గొంతు పోతే నన్ను పిలిచేవాళ్లే ఉండరు.

అందుకే సవానా వెళ్లాలన్నాను. ఆపరేషన్‌కి ముందే. ఏ రోడ్డున పోవాలో చూశాను. పిన్ని ఇంట్లో వెనకగది దులిపించమన్నాను. అమ్మ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది. చేతిలోది గిన్నెలో వేసి అంది.

"నువ్వు ఎలాగూ ఒంటితో ఉన్నావు కదే. దానికి నేను కాక ఎవరున్నారు?"

ఇంకో దుంప అందుకుంది.

"అది నన్ను వదిలి ఉండదు, అమ్మాయ్. వెంటపడి వస్తుంది. ఆ ఏరు కంటపడిందంటే ఇక రాదు. దాన్ని రెండోసారి ఏటికి ఇవ్వమంటావా?"

నాకు ఏడుపు రావలసింది. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది... పిల్లలకి భాగహారం చెబుతుండగా.

*

పిన్నే దారి చూపించింది.

"ఓస్, ఇంతేనా! ఫోను మీ అమ్మ చెవి దగ్గర పెట్టు. అక్కా, వింటున్నావా? గుమ్మం దాటేటప్పుడు వర్నెల్ పేరొక్కటే పిలు. ఒడెస్సా ఊసెత్తకు. పిలవకపోతే ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడికి పోతుంది? ఇక్కడికొచ్చాక మెట్ల దగ్గర మళ్లీ వర్నెల్‌నే పిలు. అయిపోయింది. ఆఁ, కోడి వేయించి తే. ఈ ఊళ్లో ఎవత్తెకీ చేతకావడం లేదు."

అమ్మ తలూపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

ఆ సాయంత్రం వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. బొంగురుగా, బతిమాలుతున్నట్టు.

"నాలుగు రోజులే తల్లీ. తాళం వేసి పోతాను. భయమేం లేదు... అక్కడికి నువ్వు రాకూడదు. చెల్లెల్ని తెచ్చుకుని వచ్చేస్తాను."

తర్వాత నవ్వు లేదు. పాట లేదు.

పొద్దున లేచి చూస్తే పెరటి గుమ్మం దగ్గర నేల పొడిగా ఉంది.

వీధి గుమ్మం దగ్గర చెమ్మగా ఉంది.

నేను చూశాను. అమ్మకి చెప్పలేదు. చెబితే ప్రయాణం ఆగిపోతుందని భయం.

*

ఖాళీ చెప్పుల అట్టపెట్టెలో కాగితం పరిచి, దారికి వేయించిన కోడి ముక్కలు సర్ది కారులో పెట్టాను. అమ్మ చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుంది. బయటి మెట్టు మీద నిలబడి, ఇంటివైపు తిరిగింది. నేను పక్కనే ఉన్నాను. గొంతు మీద చెయ్యి వేసుకుంది. నొప్పి... ముఖంలో తెలుస్తోంది.

"వర్నెల్!"

బట్ట చిరిగినట్టుంది ఆ గొంతు. అయినా పిలిచింది.

"వర్నెల్! రామ్మా, పోదాం."

నా పేరు. అమ్మ నోట నా పేరు. అంత బాగుంటుందని నాకు తెలియదు. వస్తున్నా అనాలి. నోరు తెరిచాను. మాట వస్తోంది... వస్తోంది...

"వస్తున్నానమ్మా!"

పలికింది నేను కాదు.

ఇంట్లోంచి. చిన్నపిల్ల గొంతు, అక్కది. ఎక్కడ వదిలేస్తారోనన్న తొందరలో నా పేరుకి పలికింది.

అమ్మ నావైపు చూసింది. ఇంట్లోకి చూసింది. తాళంచెవి చేతిలోనే ఉంది.

"అమ్మా, తలుపు వెయ్యి," అన్నాను. ఆలస్యంగా అన్నాను.

అమ్మ తలుపు వెయ్యలేదు. ఒక చేత్తో దాన్ని తెరిచి పట్టుకుని, ఎవరికో దారి ఇస్తున్నట్టు కాస్త పక్కకి జరిగింది.